మాయ పాతిన గుంత నుంచి పసుపు సంచి దాకా

1956 నవంబరు 1కి ముందు నారాయణఖేడ్ తాలూకాలో మంజీరా తీరాన ఉన్న మనూర్ వాళ్లకు జిల్లా అంటే బీదర్. రాష్ట్రాల పునర్విభజనతో ఆ తాలూకా మెదక్ జిల్లాలోకి వచ్చింది. 2016 దసరా నాడు సంగారెడ్డి జిల్లాలో చేరింది. జిల్లాలు మారాయి గానీ మంజీరా దారి మారలేదు. మహారాష్ట్రలోని బాలాఘాట్ గుట్టల్లో పుట్టి, లాతూరు, బీదర్ ప్రాంతాలు దాటి ఇటు వచ్చే ఆ నది దిగువన సింగూరు ప్రాజెక్టును నింపుతుంది. ఆ నీటిని హైదరాబాద్ తాగుతుంది. ఇలాంటి నదీతీరంలో కాన్పు గది చెత్త ఎటు పోతోందన్న ప్రశ్న ఆ ఊరి పొలిమేరతో ఆగదు. నర్సింగ్ తరగతులకు ఆ ప్రశ్న చేరడానికి మాత్రం వందేళ్లు దాటింది.

ఒకప్పుడు పల్లెలో కాన్పు అంటే మంత్రసాని పని. కాగబెట్టిన నీళ్లు, పాత చీర పేలికలు, బొడ్డు కోయడానికి ఇంట్లో ఉన్న కొడవలో కత్తో. బిడ్డ పుట్టాక మాయను ఇంటి దగ్గరే గుంత తీసి పాతిపెట్టేవారు. పేలికలు ఉతికితే మళ్లీ పనికొచ్చేవి, మిగిలినవి మట్టిలో కలిసిపోయేవి. వెనక మిగిలే చెత్త దాదాపు సున్నా. అలాగని ఆ కాలాన్ని మురిపెంగా తలచుకోనక్కర్లేదు. మట్టిలో, పశువుల పేడలో ఉండే ధనుర్వాతం క్రిములు అదే కొడవలి అంచున బొడ్డులోకి చేరేవి. పుట్టిన వారం పది రోజులకే పసికందులు దవడలు బిగుసుకుపోయి కన్నుమూసేవారు.

ఈ చావులను ఆపడానికి మంత్రసానులకు చదువు చెప్పాలన్న ఆలోచనకు బ్రిటిష్ ఇండియాలో 1903లో ఊపు వచ్చింది. వైస్రాయ్ భార్య లేడీ కర్జన్ విక్టోరియా రాణి పేరిట నిధి పోగుచేసి దాయీలకు, అంటే మంత్రసానులకు, శిక్షణ ఇప్పించింది. అంతకన్నా ముందే ఫ్లోరెన్స్ నైటింగేల్ ఊళ్ల పారిశుధ్యం గురించి పట్టుబట్టింది. భారతదేశంలో అడుగు పెట్టకుండానే ఇక్కడి సైనిక శిబిరాల మురికి మీద లెక్కలు తీసింది. 1894లో బుడాపెస్టు సదస్సుకు భారత గ్రామాల పారిశుధ్యంపై వ్యాసం పంపింది. మంచి గాలి, మంచి నీళ్లు, మురుగు పోయే దారి, శుభ్రత, వెలుతురు: 1859 నాటి తన పుస్తకంలో ఇంటి ఆరోగ్యానికి ఆమె చెప్పిన ఐదు సూత్రాలివి. పర్యావరణం అన్న మాట లేకపోయినా నర్సు చదువులో ఆ పాఠం మొదటి రోజు నుంచే ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక పల్లెకు నర్సమ్మ వచ్చింది. అంతకు ముందే 1946లో ఆరోగ్య సేవలపై వేసిన భోర్ కమిటీ గ్రామీణ ఆరోగ్య కేంద్రాలకు బాట వేసింది. 1947లో భారత నర్సింగ్ మండలి చట్టం వచ్చింది. 1951లో పంజాబులోని తరన్ తారన్‌లో పల్లె నర్సుల తొలి ఏఎన్ఎం కోర్సు మొదలైంది. మంత్రసానులకు శిక్షణ కూడా ఆగలేదు. చేతులు, కాన్పు చేసే చోటు, బ్లేడు, బొడ్డుకు కట్టే దారం, కోసిన బొడ్డు మొదలు, ఈ ఐదూ శుభ్రంగా ఉండాలని వాళ్లకు నేర్పారు. దానికి టీకాలు తోడయ్యాయి. దేశంలో నవజాత ధనుర్వాతాన్ని అదుపు చేసిన తొలి రాష్ట్రంగా 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు గుర్తింపు వచ్చింది.

కాన్పు ఆసుపత్రికి చేరాక ఇంకో చిక్కు మొదలైంది. హెచ్‌ఐవీ భయంతో సూదులు, సిరంజిలు ఒక్కసారి వాడి పారేసేవి అయ్యాయి. గ్లోవ్స్, గొట్టాలు, సెలైన్ సీసాలు అన్నీ ప్లాస్టిక్కే. రోగిని కాపాడిన వస్తువే గేటు దాటగానే ప్రమాదంగా మారింది. క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్‌ను పెరట్లో కాలిస్తే డయాక్సిన్లు అనే విషాలు గాలిలో కలుస్తాయి.

1998 జులైలో జీవవైద్య వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. 2016 మార్చిలో వాటిని తిరగరాశారు. ఇప్పుడు నర్సింగ్ విద్యార్థి వార్డులో తొలిరోజుల్లోనే కంఠస్థం చేసేది ఆ నిబంధనలు పెట్టిన సంచుల రంగులనే. మాయ, నెత్తుటి దూది పసుపు సంచిలోకి. గొట్టాలు, గ్లోవ్స్ ఎరుపులోకి. సూదులు, బ్లేడ్లు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలోకి. గాజు సీసాలు నీలం పెట్టెలోకి. ఆ సంచులు 48 గంటల్లోగా శుద్ధి కేంద్రానికి పోవాలి. కేంద్రం బండి చేరలేని మారుమూలల్లో మాత్రం పసుపు సంచిలో వేసేవాటికి లోతు గుంతను అనుమతించారు. దాని లోతు రెండు మీటర్లు, సగం దాకా వ్యర్థం, పైన సున్నం, ఆపైన మట్టి. నీటి వనరులకు దూరంగా ఉండాలన్న షరతూ పెట్టారు.

పర్యావరణ విద్యను అన్ని స్థాయిల్లో తప్పనిసరి చేయాలని ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా మొదటి ఏడాదిలో పర్యావరణ పరిశుభ్రత ఒక పాఠ్యభాగం. 2021లో గెజిట్‌కెక్కిన బీఎస్సీ నర్సింగ్ కొత్త సిలబస్ కూడా సామాజిక ఆరోగ్యంలో భాగంగా పర్యావరణాన్ని చెప్పమంటోంది. అయితే పాత పాఠం చూపు అంతా ఒకవైపే: పరిసరాల నుంచి రోగిని ఎలా కాపాడాలి? ఆసుపత్రి నుంచి పరిసరాలను ఎలా కాపాడాలన్నది కొత్త ప్రశ్న. ప్రపంచ కర్బన ఉద్గారాల్లో వైద్య రంగం వాటా 4.4 శాతమని 2019లో ఒక అంతర్జాతీయ అంచనా తేల్చింది. అంతకు ముందు ఏడాదే అంతర్జాతీయ నర్సుల మండలి వాతావరణ మార్పుపై నర్సుల బాధ్యత గురించి ప్రకటన చేసింది.

తెలంగాణలో ఈ ప్రశ్నకు ఇంకో ముఖం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడ 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రతి కోతకూ మత్తుమందు, కుట్ల దారం, డ్రేపులు, గ్లోవ్స్, సెలైన్లు అదనం. అవసరమైన ఆపరేషన్ తల్లి ప్రాణం నిలబెడుతుంది. అవసరం లేనిది తల్లికి కోత, సంచులకు బరువు. రాష్ట్ర ప్రభుత్వం, యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఆసుపత్రి కలిసి 2017లో కరీంనగర్‌లో మొదలుపెట్టిన మిడ్‌వైఫరీ కోర్సు ఉద్దేశం వేరు: మామూలు కాన్పును మామూలుగా జరగనివ్వగల నర్సులను తయారు చేయడం. ప్లాస్టిక్ తగ్గడం దాని లక్ష్యాల్లో లేకపోయినా ఫలితాల్లో ఉండగలదు. మిడ్‌వైఫరీ విద్యార్థికి పర్యావరణ పాఠం చెప్పాలంటే చెత్తబుట్టల రంగుల కన్నా ముందు ఈ లెక్క చూపించొచ్చు.

2016 నిబంధనల్లో పెద్దగా చర్చకు రాని అంశం ఒకటుంది. ఆరోగ్య సిబ్బంది అందరికీ ఉద్యోగంలో చేరినప్పుడు, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి వ్యర్థాల నిర్వహణపై శిక్షణ ఇవ్వాలి. గాజు సిరంజిలు ఉడకబెట్టి పని నేర్చుకున్న సీనియర్ ఏఎన్ఎం, నాలుగు రంగులతోనే చదువు మొదలెట్టిన కొత్త నర్సు ఒకే తరగతిలో కూర్చోవాల్సిందే.