చీరాల అడిగిన ప్రశ్న

2021 ఏప్రిల్ 7న మోడీ గారి 'పరీక్షా పే చర్చా' మా ఇంట్లో అందరం చూశాం. తమ్ముడు అప్పుడు ఇంటర్. కరోనా కదా, ఆ ఏడు అంతా ఆన్‌లైనే. పరీక్షల భయం పోయేదెలా అని మా ప్రకాశం జిల్లా అమ్మాయి అడిగింది. వెంటపడకుండా పిల్లలు చదవాలంటే ఏం చెయ్యాలని ఒక తల్లి అడిగారు. మంచి ప్రశ్నలే. కానీ మా ఇంట్లో నలుగుతున్నది వేరే. ఈ కరోనాలో అసలు పరీక్షలు పెడతారా?

అప్పటికి సరిగ్గా వందేళ్ళ కిందట, 1921 ఏప్రిల్లో, గాంధీ గారు చీరాల వచ్చారు. చీరాల-పేరాలని మున్సిపాలిటీ చేసి, 4 వేలున్న పన్నుని 40 వేలకి పెంచేశారు. ఏం చెయ్యమంటారని జనం ఆయన్నే అడిగారు. పన్ను కట్టడం మానండి, లేదా ఊరొదిలెయ్యండి అని రెండు దార్లు చెప్పి, ఆయన నిర్ణయం వాళ్ళకే వదిలేశారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట 15 వేల మందిలో 13 వేల పైచిలుకు పిల్లాపాపల్తో పొలిమేర దాటి, రామనగర్‌లో పాకలేసుకుని దాదాపు 11 నెలలున్నారు. దుగ్గిరాల జైలుకెళ్ళాక చివరికి తిరిగి రాక తప్పలేదనుకోండి.

మరి మన ప్రశ్న? సుప్రీంకోర్టు నిలదీశాక, జూన్ 24న ఆంధ్రాలో పరీక్షలు రద్దయ్యాయి. మిర్చి యార్డులో క్వింటాలుకి వంద తగ్గిస్తే ఊరుకోని మా నాన్న, పరీక్షల సంగతి మాత్రం "పెద్దోళ్ళు చూసుకుంటార్లే" అన్నారు. నేనూ నోరెత్తలేదు. చీరాల వాళ్ళూ అలాగే అనుకునుంటే, గాంధీ గారికి ఓ దండేసి పంపేసేవాళ్ళు.