పట్టాల మధ్య దూరం

మా నాయన గుంతకల్లులో గ్యాంగ్ మేటు. గేజు కొలిచే కడ్డీ భుజాన వేసుకొని పొద్దున్నే పట్టాల వెంట పోయేవాడు. అప్పట్లో ఆ స్టేషన్లో రెండు రకాల పట్టాలుండేవి. మద్రాసు-బొంబాయి బండ్లది బ్రాడ్ గేజ్, గుంటూరు వైపు పోయేది మీటర్ గేజ్. గేజ్ అంటే ఏమిటో నాకు బళ్ళో చెప్పాల్సిన పని లేకపోయింది. స్కేలు అర్థమవడానికి మాత్రం నలభై దాటాక బొమ్మరైళ్ళ పిచ్చి పట్టాల్సొచ్చింది.

గేజ్ పట్టాల మధ్య దూరం. స్కేలంటే అసలు బండిని ఎన్నో వంతుకు కుదించారన్న లెక్క. రెండూ ఒకటేననుకొని మొదట్లో నేను ఇంగ్లండు కొలత స్టేషను, జర్మనీ కొలత మనుషులు కొన్నాను. తలుపు గొళ్ళెం అందని ప్రయాణికులతో నా మొదటి ప్లాట్‌ఫాం వెలిసింది.

ఈ చిక్కు పాతదే. బొమ్మల వంటసామాను, అంటే వాళ్ళ లక్కపిడతలు, చేసుకుంటూ మొదలైన జర్మన్ కంపెనీ మార్క్లిన్. 1891లో లైప్‌జిగ్ సంతలో వాళ్ళు బొమ్మ పట్టాలకు వెడల్పును బట్టి అంకెలు పెట్టారు. అన్నిటికంటే ఇరుకైనది 1, అది 45 మిల్లీమీటర్లు. తర్వాత 32 మిల్లీమీటర్లది వచ్చింది. ఒకటికి కింద ఇంకేముంది? సున్నా అన్నారు. 1922లో న్యూరెంబర్గ్ బింగ్ కంపెనీ అందులో సగం, 16 మిల్లీమీటర్ల పట్టాలతో బల్లమీద పట్టే రైలు చేసింది. దాన్ని రెండు సున్నాలన్నారు. ఆ తోవలో వచ్చిన 16.5 మిల్లీమీటర్ల పట్టాలకే తర్వాత హెచ్‌ఓ, అంటే సగం సున్నా అని పేరు పడింది. సున్నాలో సగమెంతని అడిగుంటే మా లెక్కల అయ్యవారు బెత్తం తీసేవారు.

సున్నా కొలతలో అసలు అడుగుకు బొమ్మలో 7 మిల్లీమీటర్లు, అందులో సగం మూడున్నర. ఒక పక్క అడుగులు, ఒక పక్క మిల్లీమీటర్లు. ఆ కులాంతర వివాహానికి పుట్టిందే 1:87 అనే వింత అంకె.

ఇంగ్లండులో ఇంకో ముడి పడింది. అక్కడి రైళ్ళు యూరప్ రైళ్ళకంటే సన్నం. 1:87కి కుదిస్తే ఆనాటి మోటారు ఇంజను పొట్టలో పట్టలేదు. పొట్టను 1:76కి పెంచారు, పట్టాలను ముట్టుకోలేదు. 1938లో హార్న్‌బీ డబ్లో అనే బొమ్మరైలు వచ్చి అదే అలవాటును ఇంటింటికీ చేర్చింది. లెక్క కడితే వాళ్ళ పట్టాలు అసలుకంటే ఏడంగుళాలు ఇరుకు. 1960లలో కొందరు పట్టుదలకు పోయి 18.83 మిల్లీమీటర్ల పట్టాలు సొంతంగా వేసుకున్నారు. వాళ్ళకు నా నమస్కారం. అంత ఓపిక నాకు లేదు.

నేను దేన్ని ఎంచుకోవాలి? 1968లో వచ్చిన ఎల్‌జీబీ తోట రైలు 45 మిల్లీమీటర్ల పట్టాల మీద 1:22.5 కొలతలో నడుస్తుంది. గుణించి చూస్తే దాదాపు మీటరు, అచ్చం మా గుంటూరు లైనే! కానీ దానికి పెరడు కావాలి, నాకున్నది అపార్టుమెంటు బాల్కనీ. తొమ్మిది మిల్లీమీటర్ల పట్టాలకు ఎన్ అని పేరు. ఇంగ్లీషు నైన్‌కూ జర్మన్ నోయిన్‌కూ మొదటి అక్షరమది. మన తొమ్మిదికి కుదరదు గానీ సంస్కృతం నవకు కుదురుతుంది. మన పాత నీలం పెట్టె ఎన్‌లో 13 సెంటీమీటర్లే. బుద్ధి దాన్నే కొనమంది. నా కళ్ళద్దాలు ఒప్పుకోలేదు.

చివరికి హెచ్‌ఓ. అందులో ఒక్కో పెట్టె ఇరవై నాలుగున్నర సెంటీమీటర్లు, పది కడితే మా హాలు గోడ తగులుతుంది. నాలుగు పెట్టెల ఎక్స్‌ప్రెస్‌తో సరిపెట్టుకున్నా. దొంగతనం వేరేచోట ఉంది. ఆ 16.5 మిల్లీమీటర్లు యూరప్ అసలు పట్టాల 1435కు సరిపోతాయి. మన బ్రాడ్ గేజ్ 1676, దానికి 19 మిల్లీమీటర్లు దాటాలి. ఇంగ్లండు వాళ్ళది ఏడంగుళాల తప్పయితే నాది తొమ్మిదిన్నర. పట్టాల పక్కన కంకర ఒత్తుగా పోసి రంగు వేశాను. చూసినవాళ్ళెవరూ పట్టుకోలేదు.

రిటైరైన మా నాయన పండక్కి వచ్చాడు. బల్ల దగ్గర వంగి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఒక కన్ను మూసి పట్టాల పొడుగునా చూశాడు. రైలు రెండు చుట్లు తిరిగింది.

"ఏమ్రా, గేజు తగ్గిందే?" అన్నాడు.