పద్నాలుగో గల్లీ నుంచి రాణీబాగ్ దాకా

ముంబైలోని మా కామాఠీపురా నుంచి భాయ్‌ఖళా రాణీబాగ్‌కు బస్సులున్నాయి, టాక్సీలున్నాయి. అయినా మా ఇళ్లల్లో పెద్దవాళ్లు నడిచే వెళ్లేవాళ్లు. ఆదివారం పొద్దున పిల్లల్ని వెంటబెట్టుకుని బెల్లాసిస్ రోడ్డెక్కి, నాగ్‌పాడా దాటి, క్లేర్ రోడ్డు పట్టుకుని స్టేషన్ దాకా పోయి, పట్టాలకు అవతలి పక్కకు. మహా అయితే రెండు కిలోమీటర్లు. చెట్టు నీడన కాసేపు కూర్చోవాలంటే మా వాడవాళ్లకు దగ్గరలో ఉన్న అడవి అదే. ముంబైలో మనవాళ్ల చరిత్ర ఎక్కడుందని అడిగే తెలుగువాళ్లకు నేను ముందుగా చూపించేదీ ఈ దారే.

బయల్దేరే చోటు ఒకప్పుడు పోటునీళ్లు తిరిగిన పల్లం. మహాలక్ష్మికీ వర్లీకీ మధ్య ఉన్న గండిలోంచి సముద్రం లోపలికి వచ్చేది. గవర్నర్ విలియం హార్న్‌బీ కాలంలో ఆ గండికి కట్ట వేశారు. 1784 నాటికి అది పూర్తయింది. నీళ్లు ఆగాక మిగిలిన ఉప్పు నేలను పూడ్చాలి, దారులు వేయాలి, రాయి కొట్టాలి, గోడ లేపాలి. ఆ పనులకు నిజాం రాజ్యం నుంచి కామాఠీలనే తెలుగు కూలీలు వచ్చారు. పద్దెనిమిదో శతాబ్దం చివరి ఏళ్లలో వాళ్లు ఇక్కడ గుడిసెలు వేసుకుంటే, వాడకు వాళ్ల పేరే స్థిరపడింది. గట్టి వాన పడితే మా గల్లీల్లో ఇప్పటికీ నీళ్లు నిలుస్తాయి. పల్లం గుణం ఎక్కడికి పోతుంది!

బెల్లాసిస్ రోడ్డు 1793 నాటిది. 1790 కరువులో సూరత్ విడిచి వచ్చినవాళ్ల చేత వేయించి, పనికి ఆజ్ఞ ఇచ్చిన సైన్యాధికారి పేరు పెట్టారు. ఇప్పుడు బోర్డు మీద జహంగీర్ బొమన్ బెహ్రామ్ మార్గ్ అని ఉంటుంది. ఆకలికి ఊరొదిలినవాళ్లు వేసిన రోడ్డు పక్కనే, కూలి కోసం ఊరొదిలిన తెలంగాణవాళ్లు బతుకు మొదలుపెట్టారు. రోడ్డుకు అధికారి పేరు దక్కితే, వాడకు కూలీల పేరు దక్కింది. మహానగరంలో అలాంటి గౌరవం ఎంతమందికి దొరికింది?

కానీ నగరానికి కామాఠీపురా అంటే వేరే గుర్తు. బ్రిటిష్ కాలంలో పడుపువృత్తి ఈ చుట్టుపక్కల స్థిరపడింది. యూరప్ నుంచి తెచ్చిన ఆడవాళ్లున్న వీధిని సఫేద్ గల్లీ అనేవారు. ఆ స్త్రీల కష్టం కూడా ఈ వాడ చరిత్రే, దాన్ని దాచాలని నేను అనను. నన్ను బాధపెట్టేది మరొకటి. మా పిల్లలు ఉద్యోగాల దరఖాస్తుల్లో కామాఠీపురా అని రాయడానికి జంకి ముంబై సెంట్రల్ అని రాసుకుంటూ వచ్చారు. పెళ్లి సంబంధాలప్పుడూ అంతే. పేరు పెట్టిన తాతల మనవలే ఆ పేరు మింగేయాల్సి వచ్చింది.

ఆ తాతలు కేవలం తట్టలు మోసినవాళ్లు కాదు. మేస్త్రీలయ్యారు, గుత్తేదార్లయ్యారు. జ్యోతిరావు ఫూలే 1873లో పుణేలో సత్యశోధక సమాజం పెట్టాక, ముంబైలో దానికి అండగా నిలిచినవాళ్లలో కామాఠీపురా తెలుగువాళ్లు ముందువరసలో ఉన్నారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడి లింగు, వ్యంకు బాళోజీ కాళేవార్ పేర్లు ఆ ఉద్యమ చరిత్రలో ఉన్నాయి. కులం పేరుతో తొక్కేసే పద్ధతి మీద మరాఠీలో మొదలైన పోరాటానికి మన మేస్త్రీల సొమ్ము, మాట తోడయ్యాయి. తెలుగునాట పాఠ్యపుస్తకాల్లో ఈ ముక్క ఉండాలని నా గట్టి కోరిక.

తర్వాతి తరాల్లో మిల్లుల కోసం వచ్చిన పద్మశాలీలు వర్లీ, పరేల్ వైపు చాళ్లలో, అంటే వరుస గదుల భవనాల్లో, సర్దుకున్నారు. మా గల్లీల చాళ్లు వాటికన్నా ఇరుకు. కర్ర మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి పైనుంచి తాడు వేలాడుతుంది. ఒక్క ఖోలీ, అంటే గది; మూలన నీళ్లు పోయే మోరీ, తలపైన మాళా అనే అటక. గ్యాలరీలో చాపలు పరిస్తే అదే మగవాళ్ల పడకగది. బతుకమ్మ పండగకు మాత్రం ఆ గ్యాలరీ ఆడవాళ్ల రాజ్యం. దాదర్ మార్కెట్లో బంతి, చామంతి ఎంతైనా దొరుకుతాయి. తంగేడు, గునుగు లేకపోతే బతుకమ్మ ఎట్లా అని, ఊరి నుంచి వచ్చే చుట్టాలకు ముందే కబురు పెడతారు. తడి గోనెపట్టాలో చుట్టిన పూలు దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తాయి. పట్టా విప్పగానే ఖోలీ అంతా చెలక వాసన.

క్లేర్ రోడ్డు మీద నడుస్తుంటే అడెల్ఫీ చాంబర్స్ తగులుతుంది. ఉర్దూ కథకుడు మంటో అక్కడ ఉండేవాడు. ఆపైన భాయ్‌ఖళా స్టేషను, 1853లో దేశంలో తొలి ప్రయాణికుల రైలు ఠాణాకు పోయిన లైను మీదిది.

రాణీబాగ్ 1862లో తెరుచుకుంది. ఈ తోటకు జిజామాత పేరు తర్వాత వచ్చింది. పక్కనే ఉన్న మ్యూజియం 1872 నాటిది. దాని ఆవరణలోని రాతి ఏనుగు ఘారాపురి ద్వీపం నుంచి తెచ్చినది. అందరూ తోటలోని జూలో పెంగ్విన్ల వైపు పరుగెడతారు గానీ, నేను చెట్ల వైపు పొమ్మంటాను. గోల్కొండ నయాకిల్లాలో హాథియాన్ ఝాడ్ అనే చెట్టును చూసినవాళ్లు ఇక్కడి బావోబాబ్‌ను చూడగానే గుర్తుపడతారు. నాగలింగం కాండం మీదే పూస్తుంది. దాని కింద నిలబడితే రేకులు రాలి భుజం మీద పడతాయి. 280కి పైగా జాతులు, 3,000కు పైగా చెట్లు. ఈ లెక్క ఊరికే రాలేదు. తోట రూపురేఖలు మార్చే పథకం వచ్చినప్పుడు కొందరు పౌరులు, ఎక్కువగా ఆడవాళ్లు, ఇది ముందు వృక్షోద్యానం అని పట్టుబట్టారు. ఏ చెట్టు ఏ జాతిదో, ఎక్కడుందో రాసి పెట్టి వాదించారు.

మా వాడకూ ఇప్పుడు అలాంటి లెక్క కావాలి. కామాఠీపురా మొత్తాన్ని కొత్తగా కట్టే పని మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతికి వచ్చింది. కూలబోయే ఇళ్లలో మనుషులు బతకకూడదు, కొత్త ఇళ్లు రావలసిందే. అయితే సర్వే కాగితాల్లో భవనాలుంటాయి, కిరాయిదార్లుంటారు. ఏ గల్లీలోకి ఏ ఊరి నుంచి ఎవరొచ్చారు, ఏ చాల్ కింద ఏ పోచమ్మను నిలిపారు, ఏ మేస్త్రీ ఎక్కడ రాయి పేర్చాడు అన్నది ఉండదు. అవి తెలిసిన ముసలివాళ్లు ఇంకా కొందరున్నారు. ఖోలీలు ఖాళీ చేసేలోపే వాళ్ల దగ్గర కూర్చుని, గల్లీల వారీగా, తెలుగులోనూ మరాఠీలోనూ రాసుకోవాలి. పాత కిరాయి రసీదులు, బడి సర్టిఫికెట్లు, పెళ్లిపత్రికలు ట్రంకు పెట్టెల్లో ఉన్నవాళ్లు సామాను సర్దేటప్పుడు వాటిని పాతకాగితాలవాడికి వేయకుండా ఫొటోలు తీసి ఉంచితే, పని అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.