డర్బన్ తీరం: వైద్యం, విహారం, వర్ణవివక్ష

దక్షిణాఫ్రికా తూర్పు తీరాన ఉన్న డర్బన్ నగరానికి ఏటా లక్షలాది మంది సముద్ర విహారం కోసం వస్తారు. నౌకాశ్రయపు ముఖద్వారం దగ్గర మొదలై, ఉత్తరాన ఉమ్గేని నది సముద్రంలో కలిసే చోటి వరకూ సుమారు ఆరేడు కిలోమీటర్ల పొడవున ఇసుకతీరం పరుచుకొని ఉంటుంది. యూషాకా, ఆడింగ్టన్, సౌత్ బీచ్, నార్త్ బీచ్, బే ఆఫ్ ప్లెంటీ, బ్యాటరీ బీచ్, బ్లూ లగూన్ అంటూ కొద్దిపాటి నడకకొక పేరు మారుతుంది. వీటిలో ఏది మంచిదని అడిగితే యాత్రా దర్శినులు చెప్పే కొలతలు దాదాపు ఒకటే: ఎండ బాగా కాయాలి, నీరు వెచ్చగా ఉండాలి, సొరచేపల భయం ఉండకూడదు, ఈతగాళ్లను కనిపెట్టి ఉండే రక్షకులు ఉండాలి, నీరు శుభ్రంగా ఉండాలి.

ఇవన్నీ సహజమైన కోరికలుగానే కనిపిస్తాయి. కానీ చరిత్రలోకి వెళ్లి చూస్తే ఒక్కొక్క కొలతా ఒక్కొక్క కాలంలో, ఒక నమ్మకం నుంచో ఒక భయం నుంచో పుట్టింది. వాటిలో ఎక్కువ భాగం వైద్యశాస్త్రం చలవే. మంచి తీరం ఏదన్న ప్రశ్న వచ్చిన ప్రతిసారీ, అది ఎవరికి మంచిదన్న మరో ప్రశ్నకు కూడా డర్బన్ జవాబు చెప్పుకుంది. ఆ రెండో జవాబును శతాబ్దానికి పైగా మోసినవారిలో తెలుగు కూలీల సంతతి కూడా ఉంది.

మందుల చీటీ మీద సముద్రం

ఐరోపాలో సముద్రతీరం చాలాకాలం పాటు బెస్తవారికీ నావికులకూ చెందిన చోటు. తీరికగల కుటుంబాలు అక్కడికి వెళ్లడం వైద్యుల సలహాతో మొదలైంది. ఇంగ్లండుకు చెందిన వైద్యుడు రిచర్డ్ రస్సెల్ 1750లో, గ్రంథుల వ్యాధులకు సముద్రజలం ఎలా పనిచేస్తుందో వివరిస్తూ లాటిన్‌లో ఒక గ్రంథం ప్రకటించాడు. రోగులు సముద్రంలో మునగడమే కాదు, ఆ నీటిని తాగాలి కూడా. 1753లో ఆయన బ్రైటన్‌లో స్థిరపడ్డాడు. 1783లో వేల్స్ యువరాజు ఆ ఊరికి రావడంతో వైద్యానికి వేడుక తోడయింది. 1841లో లండన్ నుంచి రైలు వచ్చాక సామాన్యులు కూడా బ్రైటన్ దారి పట్టారు.

అప్పటికి ఎండకు ఈ వైద్యంలో చోటు లేదు. రోగికి కావలసింది చల్లటి నీరు, ఉప్పుగాలి. ఎండ మందుగా మారడానికి మరో శతాబ్దం పట్టింది. చర్మక్షయకు కాంతిచికిత్స కనిపెట్టినందుకు డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే సంవత్సరం స్విట్జర్లండులోని లేజాన్‌లో ఆగస్ట్ రోలియర్ క్షయరోగులకు సూర్యస్నాన చికిత్స ప్రారంభించాడు. 1920ల నాటికి ఎండ తగలడం రికెట్స్ వ్యాధిని నయం చేస్తుందని తేలింది. అంతకుముందు పొలంలో పనిచేసేవారి గుర్తుగా చిన్నచూపుకు గురైన కమిలిన చర్మం, ఆ తర్వాత ఆరోగ్యానికీ తీరికకూ గుర్తయింది.

ఆ మార్పు డర్బన్‌కు కలిసొచ్చింది. మొజాంబిక్ వైపు నుంచి దక్షిణంగా పారే వెచ్చని సముద్ర ప్రవాహం వల్ల అక్కడి నీరు చలికాలంలో కూడా సుమారు 20 డిగ్రీలుంటుంది. వానలు వేసవిలో పడతాయి. జూన్ నుంచి ఆగస్టు వరకు ఆకాశం నిర్మలంగా ఉంటుంది. ఎత్తైన పీఠభూమి మీద ఉన్న జొహానెస్‌బర్గ్‌లో మంచు గడ్డకట్టే ఆ నెలల్లో డర్బన్‌లో ఎండ కాస్తుంది. 1895లో రెండు నగరాలనూ కలుపుతూ రైలుమార్గం పూర్తయ్యాక, బంగారు గనుల సంపద చలికాలపు సెలవులకు సముద్రం వైపు దిగిరావడం మొదలుపెట్టింది.

అదే తీరానికి చేరిన మరో జనం

విహారయాత్రికుల కంటే ముందే ఆ ఒడ్డున దిగిన జనం వేరు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో డర్బన్ చేరింది. నాటాల్ చెరకు తోటల్లో పనిచేయడానికి ఒప్పందం మీద వచ్చిన తొలి భారతీయ కూలీలు వారే. 1911 వరకు అలా వచ్చినవారు లక్షా యాభై రెండు వేల మంది. అందులో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రాష్ట్రం నుంచి ఓడెక్కినవారు. తమిళులతో పాటు విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు వంటి జిల్లాల తెలుగువారు కూడా వారిలో ఉన్నారు. ఆ తెలుగువారి సంతతే 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభను స్థాపించుకుంది.

ఒప్పందం ముగిశాక కొందరు తోటలు వదిలి సముద్రాన్ని నమ్ముకున్నారు. డర్బన్ అఖాతంలోని సాలిస్‌బరీ ద్వీపం భారతీయ బెస్తల పల్లె అయింది. పడవ మీద వలను అర్ధచంద్రాకారంగా వేసి, రెండు కొసలనూ ఒడ్డున నిలబడి లాగే పద్ధతి అక్కడ వారి ప్రత్యేకతగా పేరు పొందింది. మన కోస్తాలోని అలివి వలకు అది దగ్గరి బంధువు. చలికాలంలో సార్డీన్ చేపలు గుంపులుగా తీరానికి కొట్టుకొచ్చే రోజుల్లో డర్బన్ అంతా ఆ వలల కోసం ఎదురుచూసేది.

కొత్తగా వచ్చేవారిని ఆపడానికి కూడా వైద్యం పేరే అక్కరకొచ్చింది. 1896 డిసెంబరు 18న కోర్లండ్, నాదరీ అనే రెండు ఓడలు బొంబాయి నుంచి వచ్చి డర్బన్ బయట లంగరు వేశాయి. గాంధీ, ఆయన కుటుంబం కోర్లండ్‌లో ఉన్నారు. బొంబాయిలో ప్లేగు ఉందన్న కారణంతో ప్రయాణికులను దిగనివ్వలేదు. ప్లేగు భయం వట్టిది కాదు. యెర్సిన్ ఆ క్రిమిని గుర్తించి అప్పటికి రెండేళ్లే అయింది. ఎలుకల మీది గోమార్లు దాన్ని మోస్తాయని సిమోండ్ చెప్పడానికి మరో రెండేళ్లు పట్టింది. కానీ ఓడల్లో రోగమేదీ లేకపోయినా గడువు మీద గడువు పెంచారు. ఊళ్లో భారతీయులను తిప్పిపంపాలంటూ తెల్లవారు సభలు జరిపారు. చివరకు జనవరి 13న దిగనిచ్చారు. ఆ రోజే గాంధీని గుంపు వెంటాడి కొట్టింది. అంటువ్యాధి భయం జాతుల విభజనకు ఎలా ముసుగయిందో చరిత్రకారుడు మేనార్డ్ స్వాన్సన్ 1977లో కేప్ కాలనీ ప్లేగును ఉదాహరణగా తీసుకొని వివరించాడు. డర్బన్ రేవు కథ కూడా ఆ కోవకే చెందుతుంది.

బోర్డులు, వలలు

ఇరవయ్యో శతాబ్దంలో నగరపాలక సంస్థ తీరాన్ని అందంగా తీర్చిదిద్దింది. హోటళ్లు, పిల్లల కొలనులు, పూలతోటలు వచ్చాయి. పట్టణానికి దగ్గరగా ఉండి, సౌకర్యాలన్నీ ఉన్న భాగం తెల్లవారిదైంది. మిగిలినవారికి కేటాయించిన స్నానస్థలాలు ఉత్తరాన, ఉమ్గేని ముఖద్వారం వైపు జరిగాయి. అక్కడ వసతులూ తక్కువే, రక్షకులూ తక్కువే. మొదట మునిసిపల్ నిబంధనలతో నడిచిన ఈ ఏర్పాటుకు 1953లో వచ్చిన ప్రత్యేక సౌకర్యాల చట్టం అండ దొరికింది. వేరువేరుగా ఉంచిన వసతులు సమానంగా ఉండాల్సిన పనిలేదని ఆ చట్టం స్పష్టంగా పలికింది. 1960లో చేసిన సవరణ సముద్రతీరాన్నీ దాని పరిధిలోకి తెచ్చింది.

డర్బన్ బీచ్ నిబంధనల 37వ సెక్షన్ ప్రకారం ఈ స్నానస్థలం శ్వేతజాతివారికే ప్రత్యేకమని చెప్పే బోర్డు ఛాయాచిత్రం ఇవాళ ప్రపంచమంతటా తెలిసినదే. దాని మీద ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్, జూలూ భాషలు మాత్రమే ఉన్నాయి. తెలుగులోనో తమిళంలోనో రాయవలసిన అవసరం లేకపోయింది. అప్పటికి ఆ కూలీల మనుమలూ మునిమనుమలూ ఇంగ్లీషు చదువుకున్నవారే. శరీరం నల్లబడటానికి ఎండలో పడుకొనే తీరంలోకి, పుట్టుకతోనే నల్లగా ఉన్నవారికి ప్రవేశం లేదు.

సొరచేపల నుంచి రక్షణ కూడా ఈ కాలంలోనే వచ్చింది. 1940లలో డర్బన్ తీరంలో ఈతగాళ్ల మీద ప్రాణాంతకమైన దాడులు వరుసగా జరిగాయి. సిడ్నీ 1937లో మొదలుపెట్టిన పద్ధతిని అనుసరించి 1952లో డర్బన్ వలలు వేయించింది. నగరంలో దాడులు బాగా తగ్గాయి. వలలు లేని దక్షిణపు చిన్న ఊళ్లలో మాత్రం 1957 డిసెంబరు నుంచి 1958 ఏప్రిల్ వరకు కనీసం తొమ్మిది దాడులు జరిగి ఆరుగురు చనిపోయారు. సెలవులకు వచ్చిన కుటుంబాలు రాత్రికి రాత్రి మూటలు సర్దుకొని వెళ్లిపోయాయి. 1964లో ప్రాంతీయ ప్రభుత్వం ఇందుకోసమే ఒక బోర్డును ఏర్పాటు చేసింది.

ఈ వలలు తీరానికి అడ్డంగా కట్టిన గోడలు కావు. ఒడ్డుకు నాలుగైదు వందల మీటర్ల దూరంలో, రెండు వందల మీటర్లకు పైగా పొడవున, ఆరు మీటర్ల లోతు మేర వేలాడతాయి. సొరచేపలు వాటి కిందనుంచీ పక్కలనుంచీ రాగలవు. వలలు చేసేది వాటిని పట్టి, ఆ ప్రాంతంలో వాటి సంఖ్య తగ్గించడం. డాల్ఫిన్లూ తాబేళ్లూ కూడా వాటిలో చిక్కి చనిపోతాయి. మనిషి నిశ్చింతగా ఈదడానికి సముద్రం చెల్లిస్తున్న మూల్యమిది.

1989

1980లలో డర్బన్ కొన్ని తీరాలను అందరికీ తెరిచినా, ముఖ్యమైనవి తెల్లవారికే మిగిలాయి. 1989 ఆగస్టులో దేశమంతటా ధిక్కార ఉద్యమం మొదలైంది. దాని తొలి అడుగు ఆసుపత్రుల్లో పడటం గమనించదగ్గది. ఆగస్టు 2న నల్లజాతి, భారతీయ రోగులు తెల్లవారి ఆసుపత్రులకు వెళ్లి చికిత్స కోరారు. వాటిలో డర్బన్ తీరానే ఉన్న ఆడింగ్టన్ ఆసుపత్రి ఒకటి. 1936 నుంచీ నల్లవారికీ భారతీయులకూ ప్రధాన దిక్కు కింగ్ ఎడ్వర్డ్ ఆసుపత్రి, దాని కిక్కిరిసిన వార్డులు. ఆడింగ్టన్ వార్డుల కిటికీల్లోంచి సముద్రం కనిపిస్తుంది. ఆసుపత్రికీ ఎదుటి ఇసుకకూ ఒకే నియమం వర్తించేది.

అదే నెల 19న కేప్‌టౌన్ సమీపంలోని తీరాలకు ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టూటూతో కలిసి వెళ్లినవారిని పోలీసులు కుక్కలతో, కొరడాలతో ఎదుర్కొన్నారు. సెప్టెంబరులో డర్బన్ తీరంలో కూడా నిషేధాన్ని ధిక్కరిస్తూ జనం నీటిలో దిగారు. ఆ ఏడాది నవంబరు 16న అధ్యక్షుడు డి క్లెర్క్ దేశంలోని తీరాలన్నీ అందరికీ తెరుస్తున్నట్లు ప్రకటించాడు. ట్రూరో ఓడ వచ్చిన తేదీ కూడా నవంబరు 16. ఎవరూ అనుకొని ఎంచిన రోజు కాదది. అయినా ఆ ఓడ చేరిన తీరమంతటా వారి సంతతికి స్వేచ్ఛ దొరకడానికి సరిగ్గా నూట ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది. చట్టం మరుసటి ఏడాది అక్టోబరులో రద్దయింది.

నది మోసుకొచ్చేది

ఇప్పుడు బోర్డులు లేవు. ఏ తీరమైనా ఎంచుకోవచ్చు. చిన్నపిల్లలుంటే రేవుగోడ చాటున అలలు తగ్గే దక్షిణ కొసన యూషాకా, ఆడింగ్టన్ అనువైనవి. అలల మీద తేలే ఆటకు నార్త్ బీచ్, బే ఆఫ్ ప్లెంటీ పేరుపడ్డాయి. సాయంత్రం కుటుంబంతో కూర్చోవడానికి భారతీయ సంతతివారు నేటికీ ఇష్టపడేది నదీముఖాన ఉన్న బ్లూ లగూన్‌నే. ఒకప్పుడు నెట్టివేసిన వైపే తరాల అలవాటుతో సొంతమైంది.

నేటి అసలు కొలత నీటి శుభ్రత. దక్షిణాఫ్రికా 2001లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పథకంలో చేరింది. ఐరోపా బయట అందులో చేరిన మొదటి దేశం అదే. విశాఖలోని రుషికొండకు 2020లో వచ్చిన గుర్తింపు కూడా ఇదే. ఆ ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ-కోలై సూక్ష్మజీవులు 250కి, ఎంటెరోకోకై 100కి మించకూడదు. ఇవి మనుషుల, జంతువుల పేగుల్లో ఉండేవి. అవి లెక్కకు మించితే ఆ నీటిలో మురుగు కలిసిందని అర్థం. మింగినవారికి వాంతులు, విరేచనాలు, ఈదినవారికి చెవి, చర్మ వ్యాధులు రావచ్చు.

డర్బన్‌లో ఆ మురుగు ఎక్కువగా ఉమ్గేని మీదుగా వస్తుంది. నది ఒడ్డు చరిత్ర కూడా తీరం చరిత్రతో ముడిపడినదే. పల్లపు స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రాంతంలో కూరగాయలు పండించుకొనే భారతీయ కుటుంబాలు ఉండేవి. 1917 అక్టోబరు వరదలో ఆరుగురు భారతీయ బెస్తలు ఒకే పడవతో మళ్లీ మళ్లీ ప్రవాహంలోకి వెళ్లి 176 మందిని ఒడ్డుకు చేర్చారు. 1976 వరద అక్కడి టిన్‌టౌన్ రేకుల ఇళ్లను ముంచింది. అక్కడివారిని భారతీయులకే కేటాయించిన ఫీనిక్స్‌కు తరలించారు. 2022 ఏప్రిల్ వరదల్లో నాలుగు వందలకు పైగా ప్రాణాలు పోయాయి. మురుగు శుద్ధి వ్యవస్థ దెబ్బతిని, తీరాలు నెలల తరబడి మూతపడ్డాయి. నది అంచుల్లో నివసించేవారు ఇల్లు కోల్పోయారు. విహారానికి వచ్చినవారు ఈత కోల్పోయారు. రెండు నష్టాలూ ఒకే నీటి నుంచి వచ్చినవి.

కాబట్టి డర్బన్‌కు వెళ్లదలచినవారు జూన్, ఆగస్టుల మధ్య వెళ్లడం మేలు. పాతకాలపు యాత్రికులు ఎండ కోసం ఎంచుకున్న ఆ నెలల్లోనే వానలు తక్కువ, నది మోసుకొచ్చే మలినమూ తక్కువ. వేసవిలో వెళ్తే భారీ వర్షం తర్వాత రెండు మూడు రోజులు నీటిలో దిగకుండా, నగరపాలక సంస్థ ప్రకటించే నీటి పరీక్షల ఫలితాలు చూసుకోవాలి. తీరంలో గుర్తుజెండాల మధ్యనే ఈదాలి. ఇక రేవు దగ్గర నిలబడి చూస్తే, తొలి ఓడలు లోపలికి వచ్చిన ఇరుకైన నీటిదారి కనిపిస్తుంది. ఆదివారం ఉదయాన అక్కడినుంచి ఆడింగ్టన్ దాకా ఇసుక మీద నాయుళ్ల పిల్లలూ జూలూ పిల్లలూ పక్కపక్కనే గూళ్లు కడుతుంటారు.