Biogas Power: కూరగాయల చెత్తతో కరెంట్.. మరి లాభం ఎక్కడుంది?

కుళ్లిన టమాటా, వాడిన ఆకుకూర, క్యాబేజీ ఆకులు.. మార్కెట్‌లో రోజూ పారబోసే ఈ చెత్తతో కరెంట్ తీస్తే లాభమా? నష్టమా? హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌ను చూస్తే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది.

బోయిన్‌పల్లిలో ఏం జరుగుతోంది?

హైదరాబాద్‌లోని ఐఐసీటీ టెక్నాలజీతో ఇక్కడ బయోగ్యాస్ ప్లాంట్ పెట్టారు. 2021 జనవరి 31న ప్రధాని మోదీ మన్ కీ బాత్‌లో దీని గురించి మాట్లాడటంతో దేశమంతా తెలిసింది. రోజుకు సుమారు 10 టన్నుల చెత్త నుంచి 500 యూనిట్ల కరెంట్, 30 కిలోల గ్యాస్ వస్తాయని అప్పట్లో చెప్పారు. ఆ కరెంట్‌తో మార్కెట్‌లో లైట్లు వెలుగుతాయి. గ్యాస్ క్యాంటీన్ వంటకు వెళ్తుంది.

అంటే టన్ను చెత్తకు 50 యూనిట్లు. యూనిట్ రూ.7 అనుకుంటే టన్నుకు వచ్చేది రూ.350 మాత్రమే. ఇంత తక్కువెందుకు? కూరగాయల్లో ఎక్కువ భాగం నీళ్లే. పైగా ఇంజిన్‌లో గ్యాస్ మండిస్తే అందులోని శక్తిలో దాదాపు మూడో వంతే కరెంట్‌గా మారుతుంది. మిగతాదంతా వేడిగా పోతుంది.

మరి గిట్టుబాటు ఎలా?

ఒకటి, కరెంట్‌ను అక్కడే వాడుకోవడం. గ్రిడ్‌కు అమ్మితే వచ్చే రేటు కన్నా మార్కెట్ కట్టే బిల్లు రేటే సాధారణంగా ఎక్కువ. అందుకే అమ్మడం కంటే బిల్లు తగ్గించుకోవడమే మేలు. రెండు, చెత్తను లారీల్లో డంపింగ్ యార్డుకు తరలించే ఖర్చు మిగులుతుంది. మూడు, చివర్లో మిగిలే స్లర్రీ ఎరువుగా పనికొస్తుంది.

ఇండోర్ మరో దారి పట్టింది. 2022 ఫిబ్రవరి 19న ప్రారంభమైన అక్కడి ప్లాంట్ సామర్థ్యం రోజుకు 550 టన్నుల తడి చెత్త. దాంతో 17 వేల కిలోల బయో సీఎన్‌జీ తీయాలన్నది లక్ష్యం. అంటే టన్నుకు దాదాపు 31 కిలోలు. 2018లో కేంద్రం తెచ్చిన సతత్ పథకంలో మొదట ప్రకటించిన కిలో రూ.46 ధరతో లెక్కేసినా టన్నుకు రూ.1,400 దాటుతుంది. అయితే గ్యాస్‌ను శుద్ధి చేసి, కంప్రెస్ చేయడానికి పెట్టుబడి భారీగా కావాలి. చిన్న మార్కెట్లకు అది కుదరదు.

అసలు మెలిక ఇదే!

చెత్తలో ప్లాస్టిక్, మట్టి, రాళ్లు కలిస్తే లెక్కంతా తారుమారవుతుంది. పంపులు జామ్ అవుతాయి, గ్యాస్ తగ్గుతుంది, రిపేర్ ఖర్చు పెరుగుతుంది. లక్నోలో 2003లో మొదలైన 5 మెగావాట్ల ప్లాంట్ సరిగా వేరు చేసిన చెత్త అందకే మూతపడింది. బోయిన్‌పల్లికి ఆ ఇబ్బంది తక్కువ, వచ్చేదంతా దాదాపు కూరగాయల చెత్తే.

జవహర్‌నగర్‌లోనూ చెత్తతో కరెంట్ తీస్తున్నారు కదా అనుకోవచ్చు. అది వేరు. అక్కడ మండే చెత్తను కాల్చి ఆవిరితో టర్బైన్ తిప్పుతారు. బయోగ్యాస్‌కు కావాల్సింది తడి చెత్త.

తడి, పొడి చెత్త వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. ఆ పని ఇంట్లోనే జరిగితే ప్లాంట్‌కు ఖర్చు మిగులుతుంది. లేదంటే అదే పనికి ప్లాంట్ దగ్గర కూలీలను, మెషిన్లను పెట్టాలి. ఆ ఖర్చు చివరికి మున్సిపాలిటీ నెత్తినే పడుతుంది.