దండ సాక్ష్యం, రక్త సాక్ష్యం: హోసూరు ప్రాంతంలో పెళ్ళికాని తల్లుల బిడ్డలకు పితృత్వ నిర్ధారణ

హోసూరు, డెంకణికోట ప్రాంతపు భరణం అర్జీల మీద నేను ఒక సదస్సులో పత్రం చదివినప్పుడు, న్యాయశాస్త్ర ఆచార్యులొకరు “డీఎన్ఏ వచ్చాక ఇంకా సాక్షుల గొడవెందుకండీ?” అని తేల్చేశారు. తర్వాత అచ్చయిన తమ వ్యాసంలోనూ అదే వాదన నిలబెట్టారు. పితృత్వం రక్తంతో తేలుతుందని, తక్కినదంతా పాతకాలపు చాదస్తమని ఆయన అభిప్రాయం. ఈ వ్యాసం ఆ అభిప్రాయానికి జవాబు.

ఆచార్యులవారికి ఆధారం నారాయణ్‌దత్ తివారీ కేసు. తివారీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా చేశారు, 2012లో నమూనాలు పరీక్షించింది హైదరాబాదులోని డీఎన్ఏ ప్రయోగశాల సీడీఎఫ్‌డీ. ఆ కేసంటే తెలుగు వ్యాసకర్తలకు ఉన్న మమకారం నాకు అర్థమవుతుంది. కానీ తివారీయే తన తండ్రి అని దావా వేసిన రోహిత్ శేఖర్ పుట్టేనాటికి ఆయన తల్లి వేరొకరి భార్య. అప్పటి సాక్ష్య చట్టం 112వ సెక్షను ప్రకారం ఆ భర్తే తండ్రి అనుకోవాలి. కోర్టులో పోరాటం ఆ ఊహతోనే జరిగింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన ఇవాన్ రత్నం తీర్పూ పెళ్ళయిన తల్లి గురించిందే. పెళ్ళి కాని తల్లికి ఆ ఊహ అడ్డురాదు, అండగానూ నిలవదు. రుజువు భారమంతా ఆమె మీదే. ఈ తేడా గమనించకుండా రెండిటినీ ఒకే గాటన కట్టడం ఆ వ్యాసంలోని మొదటి లోపం.

రెండో లోపం ఇంకా పెద్దది. పరీక్షలో తండ్రి ఎవరో తేలిందే అనుకుందాం. బిడ్డకు దక్కేదేమిటి? భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షను కింద భరణం. మరి బాగలూరు రోడ్డు మీద తండ్రికున్న రెండెకరాలో? హిందూ వారసత్వ చట్టం 3(1)(జె) ప్రకారం వివాహేతర సంతానానికి చుట్టరికం తల్లితోనే. తండ్రి వీలునామా రాయకుండా పోతే, డీఎన్ఏ నివేదిక చేతిలో పట్టుకున్నా ఆ బిడ్డ వారసుడు కాడు. చట్టం ఎప్పుడూ ఇలాగే లేదు. మితాక్షర న్యాయంలో శూద్రుడి దాసీపుత్రుడికి వాటా ఉండేది. 1931లో వెల్లయప్ప చెట్టి కేసులో ప్రివీ కౌన్సిల్ అలాంటి కొడుకును కుటుంబంలో ఒకడిగానే లెక్కించింది. ఆ కాస్త హక్కునూ తీసేసింది, సంస్కరణ అని మనం పాఠాల్లో చదువుకునే 1956 చట్టమే. కూతుళ్ళకు అప్పుడూ ఏమీ లేదన్నది నిజమే.

ఇక అసలు విషయానికి వద్దాం. తమిళనాడులో హిందూ వివాహ చట్టానికి 7ఏ అనే సెక్షను అదనంగా ఉంది. అన్నాదురై ప్రభుత్వం 1967లో తెచ్చిన ఆత్మగౌరవ వివాహాల సవరణ ఇది. పురోహితుడు అక్కర్లేదు, సప్తపది అక్కర్లేదు. బంధువులో స్నేహితులో ఇంకెవరో చూస్తుండగా, తెలిసిన భాషలో ఒకరినొకరు స్వీకరిస్తున్నామని చెప్పుకున్నా, దండలు మార్చుకున్నా, ఉంగరం తొడిగినా, తాళి కట్టినా పెళ్ళే. హోసూరులో అద్దె గదిలో నలుగురు తోటి కార్మికుల ముందు మార్చుకున్న దండలు పెళ్ళి అవుతాయి. పదిహేను కిలోమీటర్ల దూరమైనా లేని కర్ణాటకలోని అత్తిబెలెలో అవే దండలు, అదే జంట అయితే, ఏదో ఒక పక్షపు ఆచారం ప్రకారం తంతు జరిగిందని చూపాల్సిందే. బిడ్డ సక్రమ సంతానమా కాదా అన్నది రాష్ట్ర సరిహద్దుకు ఏ పక్కన దండలు మారాయన్నదాని మీద ఆధారపడుతోంది.

ఆ మనిషికి అప్పటికే భార్య ఉంటే ఈ దండల పెళ్ళి చెల్లదు. పెళ్ళి చెల్లకపోయినా అదే చట్టం 16వ సెక్షను కింద బిడ్డ సక్రమ సంతానమే. 2023 సెప్టెంబరు 1న రేవణసిద్దప్ప కేసులో సుప్రీంకోర్టు, ఉమ్మడి ఆస్తిలో తండ్రి వాటాకు వచ్చేదాంట్లోనూ అలాంటి పిల్లలకు భాగం ఉందని చెప్పింది. అంటే చెల్లని పెళ్ళి చేసుకున్నవాడి బిడ్డకు దక్కేది, పెళ్ళే చేసుకోనివాడి బిడ్డకు దక్కదు. ఇంత విడ్డూరమైన లెక్కను ఆచార్యులవారి వ్యాసం ఒక్క వాక్యంలోనైనా ప్రస్తావించలేదు.

ఈ లెక్క వకీళ్ళ గుమాస్తాలకు బాగా తెలుసు. నేను చూసిన అర్జీల్లో మూడో పేరా దాదాపు ఒకే అచ్చు: ఫలానా తేదీన ఫలానా గుడి ముందు స్నేహితుల సమక్షంలో దండలు మార్చుకున్నామని. పేరాలన్నీ టైపు చేసి ఉంటాయి, తేదీ మాత్రం చేత్తో నింపి ఉంటుంది. ఒకామెను ఆ తేదీ గురించి అడిగితే నేరుగా జవాబివ్వలేదు. “దుడ్డు మాటట్ల ఉండనీ సామీ, పిల్లోనికి ఇనిషియల్ కావల్ల” అంది. ఇంటిపేరుతో నడిచే తెలుగు కుటుంబాలు తమిళ పద్ధతిలో తండ్రి పేరు మొదటి అక్షరాన్ని బడి పుస్తకాల్లోకి తెచ్చుకున్న ప్రాంతమిది. 2015లో ఏబీసీ కేసులో సుప్రీంకోర్టు, తల్లి ప్రమాణపత్రం మీదే జనన ధ్రువపత్రం ఇవ్వాలంది. అయినా ఆ ఖాళీ అక్షరాన్ని బడిలో తోటి పిల్లలు చదివేస్తారు.

దండలు మారలేదని ఆ మగవాడు ప్రమాణం చేసి చెబితే పరీక్ష తప్ప దారి లేదన్నది ఒప్పుకోవాలి. 1991లో కేరళ హైకోర్టు దాకా వెళ్ళిన తలశ్శేరి భరణం కేసులో సీసీఎంబీ ప్రయోగశాల డీఎన్ఏ పరీక్ష బిడ్డకు మేలే చేసింది. అయితే అక్కడ గెలిచింది భరణమే. అందుకే హోసూరు ప్రాంతంలో తండ్రిని నిలబెట్టేది చూసినవాళ్ళ నోరే. ప్రయోగశాల వంతు ఆ తర్వాతే.

వారసత్వం ఉమ్మడి జాబితాలోని అంశం. కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇవ్వడానికి ఆంధ్రప్రదేశ్ 1986లో, తమిళనాడు 1989లో కేంద్రం కంటే ముందే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించాయి. 3(1)(జె)లో తల్లి పక్కన తండ్రిని చేర్చడానికీ చెన్నై అదే దారిలో వెళ్ళవచ్చు. అంతవరకూ మూడో పేరాలో తేదీని చేత్తో నింపుతూనే ఉంటారు.