ఫిల్ము వెడల్పు కథ



ఈ వేళ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, మీ ఇంట్లో పాత ఫొటోలున్న పెట్టెను ఓసారి కిందికి దించండి. నేను చూడమనేది ఫొటోలను కాదు. వాటి అడుగున కాగితం కవర్లలో నల్లగా ముడుచుకుని ఉండే నెగటివులను. 1980 గ్రహణం చూడడానికని పిల్లలు ఎత్తుకుపోగా మిగిలినవేవో ఉండకపోవు. వాటిని కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూడండి. ఒకటి అరచేతిలో సగం ఉంటుంది, ఒకటి తపాలా బిళ్లంత, ఒకటి చిటికెన వేలి గోరంత. ఎందుకిన్ని కొలతలు? ఒక్క కొలత పెట్టుకుంటే సరిపోయేది గదా అని నేనూ అనుకునేదాన్ని, మా అమ్మ ఫొటో విషయం వచ్చేదాకా.

మా అమ్మకున్నది ఒకే ఒక్క ఫొటో. 1961లో ఖమ్మం నుంచి మావాళ్లంతా కట్టగట్టుకుని భద్రాచలం నవమికి వెళ్లారు. రైలు దిగేది కొత్తగూడెంలో, స్టేషను పేరు మాత్రం భద్రాచలం రోడ్డు! అక్కడినుంచి అడవిదారిన బస్సు, ఆపైన గోదావరి. వంతెన 1965లో గాని రాలేదు, కాబట్టి పడవే గతి. ఆ రేవులో మా మేనమామ డబ్బా కెమెరాతో అందరినీ నిలబెట్టి ఒక ఫొటో తీశాడు. ఆల్బంలో ఉన్న ఆ బొమ్మలో అమ్మ ముఖం కందిగింజంత. ఆమె పోయిన తర్వాత గోడకు పెట్టుకుందామంటే ఆ కందిగింజే దిక్కయింది.

స్టూడియో ఆయనకు నెగటివు చూపించాను. "ఇది సిక్స్ నైన్ అమ్మా, భయం లేదు" అన్నాడాయన. అంటే 6 సెంటీమీటర్లకు 9 సెంటీమీటర్లు. కొడాక్ కంపెనీ 1901లో తెచ్చిన 120 అనే చుట్ట ఫిల్ముమీద ఆ కొలతలో 8 ఫొటోలు పడతాయి. అదే చుట్టమీద చదరపు బొమ్మలైతే 12. మన ఇళ్లల్లో చాలామంది ఎరిగిన ఆగ్ఫా క్లిక్ 3 కెమెరా ఆ చదరపుదే. నెగటివు ఎంత ఉంటే కాగితంమీద బొమ్మా అంతే, పెంచకుండా దానిమీద దీన్ని ఆనించి అచ్చు తీసేవారు. అందుకే ఫొటో చిన్నది. కాని నెగటివు పెద్దది గనుక అందులో సంగతులన్నీ దాక్కుని ఉన్నాయి. పెంచి ఇచ్చాడాయన. అమ్మ కనుబొమలు, ముక్కుపుడక, ఎండకు చిట్లించిన కళ్లు, అన్నీ వచ్చాయి. నేనక్కడే కూర్చుని ఏడ్చేశాను.

ఇక మా చెల్లెలి పెళ్లి మాట వినండి. 1979లో ఫారిన్ నుంచి వచ్చిన చుట్టం జేబులో పట్టే ముద్దొచ్చే కెమెరాతో ఫొటోలు తీశాడు. 110 అంటారు దాన్ని, 1972లో వచ్చింది. నెగటివు 13 మిల్లీమీటర్లకు 17. మా మామయ్య డబ్బా కెమెరా నెగటివులో ఇరవయ్యో వంతు కాబోలు. పెంచితే పెళ్లికూతురి ముఖం బొంబాయి రవ్వ పోసినట్టు వచ్చింది. ఖరీదైన కెమెరాయే! రవ్వ ఎందుకంటారా? ఫిల్ముమీద బొమ్మ వెండి రేణువులతో తయారవుతుంది. చిన్న ముక్కను బాగా సాగదీస్తే ఆ రేణువులే కంటికి కనిపిస్తాయి.

పూర్వం ఈ బాధ లేదు, ఉన్నదంతా పెద్దదే. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ గారు గాజు పలకలమీద ఫొటోలు తీసేవారు. పరదా పాటించే స్త్రీలకోసం 1892లో ఆయన ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు దొరసానికి అప్పగించారు. గాజు పలకల పెట్టె మోసుకుని అడవుల్లో తిరగడం మాత్రం ఎవరి తరం?

ఆ బరువు తగ్గించినది సినిమా. అమెరికాలో ఈస్ట్‌మన్ తయారుచేసిన 70 మిల్లీమీటర్ల ఫిల్మును ఎడిసన్ దగ్గర పనిచేసే డిక్సన్ నిలువునా రెండుగా చీల్చాడు. అదే 35. జాకెట్ గుడ్డ పన్నాలో సగానికి చించినట్టే. ఆ సగం ముక్కే నూరేళ్లకు పైగా ప్రపంచంలోని సినిమాహాళ్లన్నిటినీ ఏలింది. తర్వాత జర్మనీలో బర్నాక్ అనే ఆయన ఆ సినిమా ఫిల్మునే అడ్డంగా తిప్పి చేతి కెమెరాలో పెట్టాడు. 1925లో అది లైకా అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. మన స్టూడియోల్లో 36 ఫొటోల రీలు అన్నది దాని సంతతే.

అయితే 35లో ఒక గండం ఉండేది. పాతకాలపు సినిమా ఫిల్ము నైట్రేటుతో చేసింది, నిప్పు సోకితే భగ్గుమనేది. అలాంటిదాన్ని ఇళ్లలో, బళ్లలో ఆడించడం కొరివితో తల గోక్కోవడమే. అందుకని 1923లో కొడాక్ వారు సులువుగా మంట పట్టని ఫిల్ముతో 16 మిల్లీమీటర్ల కొలత తెచ్చారు. లెక్క చెబుతాను, విసుక్కోకండి. రెండున్నర గంటల సినిమాకు 35లో 13,500 అడుగుల ఫిల్ము కావాలి, అంటే 4 కిలోమీటర్లు దాటుతుంది. అదే 16లో అయితే 5,400 అడుగులు చాలు. ప్రచారశాఖ జీపులో ప్రొజెక్టరు వేసుకుని మారుమూల ఊళ్లలో తెర కట్టి బొమ్మ ఆడించింది ఈ చిన్న ఫిల్ముతోనే.

ఆ చిన్న ఫిల్ము మన అడవికి చేసిన మేలు ఇంకొకటుంది. హైమన్‌డార్ఫ్ అని వియన్నా ఆయన, మానవశాస్త్రవేత్త. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఇక్కడ ఉన్నాడు. శత్రుదేశపు పాస్‌పోర్టు గనుక నిజాం రాజ్యం దాటి పోకూడదన్నారు. ఆయన భార్య బెట్టీని వెంటబెట్టుకుని చెంచుల దగ్గరికి, ఆ తర్వాత పాపికొండల్లోని కొండరెడ్ల దగ్గరికి, ఆపైన ఆదిలాబాదు గోండుల దగ్గరికి వెళ్లాడు. కొండరెడ్లమీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. పోడు వ్యవసాయం, వెదురు నరికించే కాంట్రాక్టర్ల దోపిడీ, అన్నీ అందులో ఉన్నాయి. బెట్టీగారు పేరుకు వెంట వెళ్లిన ఇల్లాలు కాదు, పనిలో సగం ఆమెది. అటువంటి ఆడవాళ్ల పేరు పుస్తకం అట్టమీద ఎప్పుడూ చిన్న అక్షరాల్లోనే ఉంటుందెందుకో! ఆమె 1987లో హైదరాబాదులోనే కన్నుమూశారు. ఆయన తీసిన ఫొటోలు, 16 మిల్లీమీటర్ల ఫిల్ములు లండన్ విశ్వవిద్యాలయపు సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. మన కొండరెడ్ల ఫొటోలూ వాటిలో ఉన్నాయి. ఆ గోదావరి ఒడ్డు గూడేల్లో ఎన్నిటినో పోలవరం ముంపు పేరిట ఖాళీ చేయించారు. ఊరు పోయాక మిగిలేది బొమ్మే.

సినిమాహాలు మాట కూడా చెప్పి ముగిస్తాను, లేకపోతే మీరు ఊరుకోరు. 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు తెలుగులో మొదటి సినిమాస్కోపు చిత్రం. ఫిల్ము వెడల్పేమీ పెరగలేదు, అదే 35. పొడుగు చీరను కుచ్చిళ్లు పోసి బొడ్లో దోపుకున్నట్టు, వెడల్పాటి దృశ్యాన్ని వంపు అద్దంతో పక్కలనుంచి నొక్కి ఫిల్ములో ఇరికిస్తారు. హాల్లో ఇంకో అద్దం ఆ కుచ్చిళ్లు విప్పుతుంది. ఆ అద్దం బిగించడం మరిచిపోతే హీరో కొబ్బరిచెట్టంత పొడుగు! 1986లో సింహాసనం వచ్చింది, తెలుగులో మొదటి 70 మిల్లీమీటర్ల బొమ్మ. చీల్చిన గుడ్డ మళ్లీ నిండు పన్నా అయిందన్నమాట. ఇప్పుడు ఆ రీళ్ల పెట్టెలు లేవు, హాళ్లన్నీ కంప్యూటరు బొమ్మకు మారిపోయాయి.

పెట్టె మళ్లీ పైన పెట్టేముందు ఒక పని చేయండి. నెగటివులను ప్లాస్టిక్ సంచిలోంచి తీసి శుభ్రమైన కాగితం కవర్లలో పెట్టండి. పుల్లటి వెనిగర్ వాసన వస్తే ఆ ఫిల్ము చెడిపోతున్నదని గుర్తు, దాన్ని విడిగా ఉంచి త్వరగా కాపీ తీయించండి. రంగుల ఫొటోలు ఎర్రబడుతున్నాయని దిగులు పడేకంటే ముందు వాటికి కాపీ తీయించడం మేలు. నలుపు తెలుపువి మనకంటే గట్టివి.

ఒక మాట మరిచాను. అమ్మ ఫొటో పెంచినప్పుడు ఆమె వెనక పడవ అంచున గంప పెట్టుకుని కూర్చున్న కోయ ఆమె కూడా బయటపడింది. ఆల్బంలో అక్కడ ఒక మచ్చే ఉండేది. మెడలో పూసలపేర్లు, చంకలో పసిబిడ్డ, కెమెరావైపే సూటిగా చూస్తున్నది. అమ్మ ఎంత స్పష్టంగా వచ్చిందో ఆమె కూడా అంతే. ఆ బిడ్డకు ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. వాళ్లమ్మ ఫొటో మా గోడమీద ఉంది.